మోచేతి కొలత

లోపలక్కకి బళ్ళు కనపడవు, వినపడతాయి. దుకాణం ముందుగదికీ వెనకగదికీ మధ్య నిలువెత్తు రేకు గోడ. ఆ గోడకి ఎప్పుడూ మూసే ఉండే రేకు తలుపు, ఛాతీ ఎత్తున, చెయ్యి దూరేంత సందు. అటుపక్క తమ్ముడు, బల్ల, ఫ్యాను, వచ్చేపోయేవాళ్ళు. ఇటుపక్క ఆవిడ, పనిబల్ల, చిత్రిక, రంపం, కుట్టుమిషను. బళ్ళ లోపల సీట్ల మధ్య అమర్చే పెట్టెలు, తలుపుల లోపలి చట్రాలు, సీట్ల తొడుగులు, అన్నీ ఇటే పుట్టి ఆ సందులోంచో వెనక తలుపులోంచో అటు వెళ్తాయి. ఎవరైనా ముచ్చటపడి "ఎవరండీ చేసింది, అద్దంలా ఉంది" అంటే తమ్ముడు చిన్నగా నవ్వి "మన దగ్గరే" అంటాడు. అది అబద్ధమూ కాదు, నిజమూ కాదు. పక్క వెల్డింగు షాపు పెద్దాయన ఎప్పుడొచ్చి అక్క ఏదయ్యా అన్నా "లోపల" అన్న జవాబే వినీ వినీ విసుగెత్తి ఆవిడకి ఆ పేరు పెట్టాడు. పెట్టిన పేరు పెట్టినట్టే అతుక్కుపోయింది.

ఆ పొద్దున ఒక పికప్ బండి వీధి మలుపు దాకా వెన్నలా వచ్చింది. మూడో గేరులోంచి రెండో గేరులోకి ఎప్పుడు దిగిందో తెలియలేదు. చెయ్యి తిరిగిన మనిషే నడుపుతున్నాడు అనుకుంది లోపలక్క. అంతలో మలుపు దగ్గర బండి ఆగింది. రెండు తలుపులు తెరుచుకున్న చప్పుడు, కాసేపటికి రెండూ మూసుకున్న చప్పుడు. ఆ తర్వాత అదే బండి గేరు కరకరమంటూ, కప్పలా గెంతుతూ వచ్చి దుకాణం ముందు పడింది. ఇదేం విడ్డూరమో, వంద అడుగుల్లో ఇంజనుకి జబ్బు చేసిందా ఏమిటని ఆవిడ చిత్రిక పట్టడం ఆపేసింది.

వచ్చింది మొగుడూ పెళ్ళాం. పెద్ద బేకరీ నుంచి దుకాణాలకి రొట్టెలు చేరవేసే ఆసామి. ఇలాంటి బళ్ళు మూడున్నాయట. ముందు సీట్ల మధ్య ఒక పెట్టె కావాలన్నాడు. రసీదులకి ఒక అర, తాళాలకి ఒక గుంట, నీళ్ళ సీసాకి చోటు, పైన మోచెయ్యి ఆనించుకునేలా మెత్తటి మూత. ఈ బండికి బాగా కుదిరితే మిగతా రెండింటికీ ఇక్కడే చేయిస్తానన్నాడు. మాటలన్నీ ఆయనవే. పెళ్ళాం గొంతు వినపడనే లేదు.

కొలత తీయడానికి తమ్ముడు కర్ర పట్టుకుని బయటికి వెళ్ళాడు. అది వాళ్ళ నాన్న పెట్టిన పద్ధతి. మనిషిని తన సీట్లో, తను రోజూ కూర్చునేటట్టు కూర్చోబెట్టాలి. కాళ్ళు పెడళ్ళ మీద, ఒక చెయ్యి స్టీరింగు మీద, ఇంకోటి గేరు మీద. పక్కన చదును చేసిన కర్ర నిలబెట్టి, మోచెయ్యి ఎక్కడికొస్తే అక్కడ పెన్సిలు గీత. ఆ గీతని బట్టే మూత ఎత్తు. ఎంత నున్నగా పాలిష్ పట్టినా గీత తప్పితే పెట్టె దండగ.

"అమ్మా, మీరు కాస్త అటు జరగండి, నీడ పడుతోంది" అన్నాడు తమ్ముడు. ఆడమనిషి చెప్పులు రెండడుగులు పక్కకి జరిగిన చప్పుడు రేకు ఇవతలికి వినపడింది.

బండి అక్కడే వదిలి వాళ్ళిద్దరూ నడిచి వెళ్ళారు. తమ్ముడు సందులోంచి కర్ర అందించాడు. అందించి ఊరుకోలేదు, కిందికి వంగి సందులో మొహం పెట్టి అసలు సంగతి చెప్పాడు. అచ్చుపోసిన ప్లాస్టిక్ పెట్టెలు వస్తున్నాయి. ఏ బండికైనా సరిపోతాయట, నాలుగు స్క్రూలు బిగిస్తే అయిపోతుందట. మొదటి సరుకు ఈ వారాంతానికే దిగుతుంది. పెట్టుకోవడానికి వెనకగది కావాలి.

"ఇదే ఆఖరిదక్కా. రొట్టెలాయన మిగతా రెండు బళ్ళూ ఇస్తే సరే, ఇంకొన్నాళ్ళు చూద్దాం. లేకపోతే ఆ బల్ల తీసేయించాలి. నువ్వు మాత్రం ఎన్నాళ్ళని ఆ పొట్టులో ఊపిరి పీలుస్తావు చెప్పు."

చివరి మాటలో నిజంగానే ప్రేమ ఉంది. అదే వచ్చింది చిక్కు. కసురుకుంటే ఎదురు తిరగొచ్చు గానీ, నీ మంచికే అన్నవాడితో ఏమని పోట్లాడతాం? లోపలక్క సందు దగ్గర్నుంచి వెనక్కి తిరిగింది. బల్ల మీద చెయ్యి వేసింది. ముప్పయ్యేళ్ళుగా తన అరచెయ్యి ఆనిన చోట చెక్క సబ్బుబిళ్ళలా అరిగి నున్నబడింది. ఇది పోతే తనేమిటో ఆలోచించడానికే ఆవిడకి భయం వేసింది.

మధ్యాహ్నం మరదలు అన్నం పట్టుకుని దిగింది. పైన ఇల్లు, కింద వెనకగది, మధ్యలో పన్నెండు మెట్లు. లోపలక్క లోకమంతా ఆ పన్నెండు మెట్లే. మరదలు చెడ్డదేం కాదు. "ఇంక హాయిగా పైనే ఉండండి వదినా, ఇద్దరం కూర్చుని కబుర్లు చెప్పుకుందాం" అంది, పళ్ళెం అందిస్తూ. ఆవిడ పళ్ళెం అందుకుని పనిబల్ల మీదే పెట్టుకుంది.

*

మర్నాడు తమ్ముడు బండిని పక్కదారిలోంచి వెనక పెరట్లోకి తెచ్చిపెట్టి, గేటు మూసి గడియ వేశాడు. లోపలక్క బండి లోపలికి ఎక్కేది ఇలాంటప్పుడే, గేటు మూశాకే. అట్టముక్క, కత్తెర, పెన్సిలు పట్టుకుని ఎక్కింది. సీట్ల మధ్య నేల ఉబ్బుగా ఉంటుంది కదా, ఆ ఉబ్బు వంపుకి అట్టని కత్తిరించుకుంటూ, ఆనించి చూసుకుంటూ, మళ్ళీ కత్తిరించుకుంటూ పోవాలి. ఓపిక పని. బండంతా రొట్టెల వాసన. ఉబ్బు మీద ఒక పాత రేకు డబ్బా తాడుతో కట్టేసి ఉంది, దాని మీద నాలుగు మడతల దుప్పటి ముక్క. ఇన్నాళ్ళూ మోచెయ్యి ఆన్చింది దాని మీదే అన్నమాట. తాడు విప్పి డబ్బా పక్కన పెట్టబోతూ ఆగింది.

డబ్బా మరీ పొట్టిగా ఉంది. కర్ర తెచ్చి పక్కన నిలబెట్టి చూసింది. కర్ర మీది గీతకీ దుప్పటి పైభాగానికీ మూడు వేళ్ళ తేడా. రొట్టెలాయన ఇంతెత్తు మనిషైతే ఇంత కిందికి మోచెయ్యి ఎలా ఆన్చేవాడు, నడుము వంకర పెట్టుకునా?

అప్పుడు వంగి సీటు కింద చూసింది. సీటు ముందుకీ వెనక్కీ జరిగే పట్టాలు రెండు. సీటు ఇప్పుడు బాగా వెనక్కి ఉంది. అక్కడి పట్టా మీద పాత గ్రీజు, దాని మీద పిండి, దాని మీద దుమ్ము. ముందువైపు మాత్రం పట్టా తోమి పెట్టినట్టు తళతళలాడుతోంది. రోజూ సీటు ఉండేది ముందు. వెనక్కి వచ్చింది నిన్నో మొన్నో. క్లచ్ పెడల్ రబ్బరు చూసింది. కింది అంచే అరిగింది, పైన గళ్ళు కొత్తవాటిలా ఉన్నాయి. కాలి మునివేళ్ళతో అందుకుని తొక్కే మనిషి. వెనకద్దం కిందికి వంచి ఉంది. సీటు వెన్ను దగ్గర ఒక చిన్న దిండు, దాని సందులో ఇరుక్కున్న తలపిన్ను.

లోపలక్క ఆ తలపిన్ను తీసి అరచేతిలో పెట్టుకుంది. మలుపు దగ్గర రెండు తలుపులు ఎందుకు తెరుచుకున్నాయో, వెన్నలా వచ్చిన బండి కప్పలా ఎందుకు గెంతిందో ఇప్పుడు అర్థమైంది. నీడ పడుతోంది జరగమ్మా అని తమ్ముడు పక్కకి పంపించింది డ్రైవర్నే.

కిందికి దిగి సందు దగ్గరికి వెళ్ళి తమ్ముణ్ణి పిలిచింది. సీటు పట్టా, పెడలు, డబ్బా, అన్నీ వరసగా చెప్పింది. గీత తప్పు, మళ్ళీ కొలవాలి, ఆవిణ్ణి కూర్చోబెట్టి కొలవాలి అంది. తమ్ముడు ముందు నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి పెదవి విరిచాడు.

"బండి ఆయనది, అడిగింది ఆయన, కూర్చున్నది ఆయన. ఇప్పుడెళ్ళి, ఏమండీ బండి నడిపేది మీరా మీ ఆవిడా అని అడగమంటావా? చెప్పు తీసుకుంటాడు. కర్ర ప్రకారం చేసెయ్యి."

"కర్ర ప్రకారం చేస్తే ఆవిడ రెండో గేరు వేసిన ప్రతిసారీ మోచెయ్యి మూతకి కొట్టుకుంటుందిరా. ఉన్న డబ్బాయే నయం అనుకుంటుంది."

"అనుకోనీ. మెచ్చుకోవాల్సింది ఆయన."

అక్కడితో మాట తెగింది. లోపలక్క బల్ల దగ్గరికి వచ్చి కూలబడింది. కర్ర ప్రకారం చేస్తే ఆయన కూర్చుని భేష్ అంటాడు, వారం తిరక్కుండా ఆవిడ మోచెయ్యి కమిలిపోతుంది, మిగతా రెండు బళ్ళూ ఈ గుమ్మం తొక్కవు. డబ్బా ప్రకారం చేస్తే ఆయన ఎక్కి కూర్చోగానే మోచెయ్యి గాల్లో వేలాడుతుంది, అప్పుడే ఇక్కడే పరువు పోతుంది, మిగతా రెండు బళ్ళూ అప్పుడే పోతాయి. ఎటు పోయినా ఈ బల్ల పోవడం ఖాయం. మధ్యలో తప్పెవరిది అంటే లోపల ఉన్నవాళ్ళదే. ఆవిడకి తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. గోడ రేకుది, చప్పుడైతే తమ్ముడు మళ్ళీ సందులో మొహం పెడతాడు.

సాయంత్రం బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. మరదలు పప్పుల డబ్బా మూత బిగుసుకుపోయిందని తెచ్చి ఇచ్చింది. మూత డబ్బాలోకి సగం దిగి పట్టేసింది. లోపలక్క దాన్ని పైకి లాగింది, కిందికి నొక్కింది, మళ్ళీ పైకి లాగింది. మరదలు నవ్వింది.

"ఏమిటి వదినా, ఆడుకుంటున్నారా?"

"ఆగు" అంది ఆవిడ. డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఇంకో నాలుగుసార్లు అలాగే చేసి, బియ్యం చేట అక్కడే వదిలేసి మెట్లు దిగిపోయింది.

*

తెల్లారగానే, తమ్ముడు ఇంకా దిగకముందే, ఆవిడ బండెక్కింది. డ్రైవరు సీట్లో ఎప్పుడూ కూర్చోలేదు. ఎన్నో బళ్ళకి ఎన్నో పెట్టెలు చేసింది గానీ పక్కన మోకాళ్ళ మీద కూర్చునే చేసింది. చీర కుచ్చెళ్ళు దోపుకుని ఎక్కి, సీటు పట్టా తళతళలాడే చోటు దాకా ముందుకి జరుపుకుంది. కాలు క్లచ్ మీద పెట్టింది. మునివేళ్ళు సరిగ్గా అరిగిన అంచు మీదే పడ్డాయి. దిండు వెన్నుకి ఆనింది. ఇద్దరం ఒకే కొలత మనుషులం అనుకుంది ఆవిడ, కాస్త నవ్వొచ్చింది కూడా. గేరు మీద చెయ్యి వేసి, కర్రని ఉబ్బు మీద నిలబెట్టి, ఇంకో చేత్తో అందుకుని తన మోచెయ్యి దగ్గర గీత గీసుకుంది. అందరి మోచేతులకీ చెక్క కోసిన మనిషి తన మోచేతికి కొలత తీసుకోవడం అదే మొదలు.

తర్వాత పని మొదలైంది. అట్ట ఆధారంగా ప్లైవుడ్ కోసింది. అడుగు అంచుని ఉబ్బు వంపుకి ఆకురాయితో రాసి రాసి, కాగితం కూడా దూరనంతగా కూర్చోబెట్టింది. మూలమట్టం పెట్టి నాలుగు మూలలూ చూసుకుని జిగురు రాసి బిగించింది. అది లోపలి పెట్టె. దాని మీదికి టోపీలా దిగే పైపెట్టె ఇంకోటి చేసింది. పైపెట్టె లోపలిదాని మీద జారాలి, కానీ కదలకూడదు. వెంట్రుకవాసి ఎక్కువైతే గడగడమంటుంది, తక్కువైతే పప్పుల డబ్బాలా పట్టేస్తుంది. నాలుగుసార్లు తొడిగి, ఆరుసార్లు తీసి, బిగువున్న చోటల్లా గరుకు కాగితంతో రుద్ది సరిచేసింది. ఆఖరికి చేత్తో నొక్కితే గాలి నెమ్మదిగా వదులుతూ దిగింది.

లోపలి పెట్టెకి ఇరువైపులా ఒకదాని కింద ఒకటి రెండేసి కన్నాలు, పైపెట్టెకి ఒక్కోటి. గట్టి కర్రని చెక్కి చిటికెన వేలంత చీలలు రెండు తయారుచేసింది. చీలలు పై కన్నాల్లో ఉంటే మూత రొట్టెలాయన గీత దగ్గర నిలబడుతుంది. తీసి కింది కన్నాల్లో పెడితే మూడు వేళ్ళు దిగి తన మోచేతికి గీసుకున్న గీత దగ్గర ఆగుతుంది. చీల తలలు చెక్క రంగులో కలిసిపోయేటట్టు చదును చేసింది. తెలిసినవాళ్ళకే తెలుస్తుంది.

తమ్ముడు మధ్యలో వచ్చి తొంగిచూసి, ఇంత బరువెందుకు చేస్తున్నావు, డబుల్ గోడ ఎందుకు అన్నాడు. గట్టిగా ఉంటుంది అంది. అబద్ధమూ కాదు, నిజమూ కాదు. ఈ విద్య తమ్ముడి దగ్గర నేర్చుకున్నదే.

మిగతా రోజంతా నగిషీ. పక్కలకి తెలుపు ఛాయ ఉన్న గట్టి చెక్క అతికి, మూడు పూతలు పాలిష్ పట్టింది, ఒక్కో పూతకీ మధ్య సన్న కాగితంతో రుద్ది తడిగుడ్డతో తుడిచి. రసీదుల అరలో పచ్చ బనాతు గుడ్డ పరిచింది. సీసా గుంట అంచుని వేలు పెట్టి తిప్పి చూసి, ఎక్కడా గీరుకోదనిపించాక వదిలింది. మూత మీద రెండు పొరల స్పాంజి, పైన గోధుమరంగు తోలు. కుట్టుమిషను మీద అంచు కుట్టు వేసేటప్పుడు ఊపిరి బిగబట్టింది. తోలుకి పడిన సూది కన్నం పడినట్టే ఉండిపోతుంది, విప్పి మళ్ళీ కుట్టడం కుదరదు. కుట్టు తాడు పట్టి గీసినట్టు వచ్చింది. వెల్డింగు పెద్దాయన ఇనుప పట్టీలు ఇవ్వడానికి వెనక నుంచి వచ్చి చూసి, "మా ఇంట్లో సోఫా కన్నా బాగుంది, దీని మీద కూర్చోవచ్చా?" అని అడిగాడు. నీ బరువు మోయడం దీనికి కాదు, నీ సోఫాకే తెలుసు అంది ఆవిడ. పెద్దాయన నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

అంతా బాగానే ఉంది. ఒక్కటే మిగిలింది. చీలల సంగతి రొట్టెలావిడకి ఎవరు చెప్తారు?

చీటీ రాసి అరలో పెడితే ముందు మొగుడే తీస్తాడు. తమ్ముడికి చెప్పి చెప్పించడం కలలో మాట. చెప్పకపోతే ఆవిడకి ఈ అందమైన పెట్టె కన్నా పాత రేకు డబ్బాయే మేలు. ఇంత చేసీ రేకు గోడ ఇవతలే ఉన్నానుకదా అని లోపలక్కకి ఏడుపొచ్చినంత పనైంది.

*

మర్నాడు పొద్దున మొగుడూ పెళ్ళాం వచ్చారు. బండి ముందుకి తెచ్చిపెట్టి ఉంది. రొట్టెలాయన ఎక్కి కూర్చున్న చప్పుడు, సీటు వెనక్కి జరిగిన చప్పుడు. లోపలక్క సందు దగ్గర చెవి పెట్టి నిలబడింది.

"అబ్బ" అన్నాడాయన. "చెయ్యి పెడితే అక్కడికే వచ్చింది. కర్ర మహిమే అనుకోండి."

తమ్ముడి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. తోలు గురించి, పాలిష్ గురించి, తన అనుభవం గురించి మొదలుపెట్టాడు. మిగతా రెండు బళ్ళూ రేపే పంపిస్తానన్నాడాయన. బల్ల నిలబడింది. నోరు మూసుకుని ఊరుకుంటే చాలు, బల్ల నిలబడింది. లోపలక్క సందు అంచు పట్టుకుని అలాగే నిలబడింది. రొట్టెలావిడ పక్క తలుపు తీసిన చప్పుడైంది. ఆవిడ మూత మీద చెయ్యి వేసి ఉంటుంది. ఎత్తు చూసుకుని ఉంటుంది. నోట్లో మాట నోట్లోనే మింగి ఉంటుంది.

లోపలక్క తుడుపు గుడ్డ తీసుకుంది. రేకు తలుపు తోసుకుని ముందుగదిలోకి వచ్చింది, ముందుగది దాటి ఎండలోకి వచ్చింది. తమ్ముడి మాట సగంలో ఆగిపోయింది. ఆవిడ ఎవరి మొహమూ చూడకుండా పక్క తలుపు దగ్గరికి వెళ్ళి, పెట్టె తుడుస్తున్నట్టు వంగింది. రొట్టెలావిడ సన్నగా, పొట్టిగా ఉంది. మోచేతి దగ్గర పాత రేకు డబ్బా గీరిన మచ్చ ఉంది.

"ఇక్కడ చీలలున్నాయమ్మా, అటూ ఇటూ" అంది లోపలక్క, ఎంత మెల్లగా అనగలిగితే అంత మెల్లగా. "తీసి కింది కన్నాల్లో పెట్టుకుంటే మీకు సరిపోతుంది."

మెల్లగా అన్న మాట ఆ కాస్త బండిలో అవతలి సీటు దాకా వెళ్ళకుండా ఎలా ఉంటుంది? రొట్టెలాయన మూత మీద నుంచి చెయ్యి తీసేశాడు. పెళ్ళాం తల వంచుకుంది. తమ్ముడు ఒక్క అంగలో వచ్చాడు.

"ఎవరికి సరిపోవాలి? నువ్వు లోపలికి వెళ్ళక్కా."

రొట్టెలాయన బండి తాళం తిప్పాడు. బండి గెంతుతూ బయల్దేరింది. మలుపు దగ్గర ఆగింది. రెండు తలుపులు. బండి చాలాసేపు అక్కడే ఉండిపోయింది. ఆనక బండి కదిలి వెళ్ళిపోయింది. గేర్లు ఎలా పడ్డాయో వినడానికి ఆవిడకి వీలు కాలేదు, తమ్ముడు అరుస్తున్నాడు.

అరిచింది కాసేపే. తర్వాత మామూలు గొంతుతో మాట్లాడాడు, అదే ఎక్కువ బాధపెట్టింది. ఆయన్ని నలుగురిలో నిలబెట్టి కుంటివాణ్ణి చేశావు. నడవడం చూశావా, ఎడమ మోకాలు వంగదు, క్లచ్ తొక్కాల్సిన కాలే అది. ఇంక వస్తాడా? చేతులారా పోగొట్టావు. రేపు సరుకు వస్తుంది, బల్ల ఖాళీ చెయ్యి.

లోపలక్క తప్పు చేశానని అనుకోలేదు. కానీ ఆ మనిషి మూత మీద నుంచి చెయ్యి తీసేసిన తీరు మాత్రం ఆవిడకి రోజంతా కళ్ళ ముందే ఆడింది. ఆవిణ్ణి విడిపించబోయి ఆయన్ని పట్టిచ్చాను అనుకుంది.

*

ప్లాస్టిక్ పెట్టెలు పొద్దున్నే దిగాయి. నల్లగా, తేలిగ్గా, అన్నీ ఒక్క తీరు. రేకు తలుపు ముందు నడుమెత్తు పేర్చారు. ఇవతల లోపలక్క గోడ మేకులకి వేలాడుతున్న కొలతకర్రలు ఒక్కొక్కటే తీసి తాడుతో కడుతోంది. ఒక్కోటీ ఒక్కో మనిషి. ఈ గీత లావుపాటి టాక్సీ ఆయనది, ఈ గీత చెయ్యి విరిగిన లారీ డ్రైవరుది. ఒక్కరి మొహమూ ఆవిడకి తెలియదు, అందరి మోచేతులూ తెలుసు. మరదలు మెట్ల మీద నిలబడి, కట్టెల పొయ్యి ఉన్నవాళ్ళకి ఇద్దామా వదినా అని అడిగింది. లోపలక్క వినపడనట్టు ముడి బిగించింది.

అప్పుడు వినపడింది. మూడో గేరు, రెండో గేరు. ముడి మీద చేతులు ఆగిపోయాయి. ఇప్పుడు మలుపు. ఇప్పుడు ఆగాలి, ఇప్పుడు తలుపులు. బండి ఆగలేదు. మలుపు తిరిగి, అదే వేగంతో, అదే మెత్తదనంతో వీధిలోకి వచ్చి, దుకాణం ముందు చప్పుడు లేకుండా నిలిచింది. ఒక్క తలుపే తెరుచుకుంది.

తమ్ముడి కుర్చీ వెనక్కి జరిగింది. రొట్టెలావిడ గొంతు మొదటిసారి రేకు ఇవతలికి స్పష్టంగా వచ్చింది.

"నిన్న చీలల సంగతి చెప్పిన అక్క ఉన్నారా?"

ఏమైనా లోపం ఉంటే నాకు చెప్పండి అన్నాడు తమ్ముడు. ఉందనే అందావిడ. కిందికి దించినా ఇంకా కొంచెం ఎత్తే ఉంది, రోజంతా నడిపితే భుజం లాగుతోంది. తమ్ముడు ఊపిరి పీల్చుకున్నాడు, లోపం ఉంటే అది తనకి చేతనైన సంగతి. కొలతకర్ర కోసం సందులో చెయ్యి పెట్టాడు. లోపలక్క కట్టలోంచి కొత్త కర్ర ఒకటి లాగింది. చేతికివ్వలేదు. తన మోచేతినే రొట్టెలావిడ మోచెయ్యి అనుకుని పని చేసింది. తమ్ముడు మొగుడి చెయ్యి కొలిచాడు, తను తన చెయ్యి కొలుచుకుంది. ఆవిడ చెయ్యి కొలిచింది ఎవరు?

రేకు తలుపు తోసింది. ప్లాస్టిక్ పెట్టెలు అడ్డం, తలుపు జానెడే తెరుచుకుంది. ఇంకోసారి తోసింది. అన్నిటికన్నా పైనున్న పెట్టె కదిలి కింద పడి డొల్లగా మోగింది. తమ్ముడు చూశాడు. బయట ఇద్దరు మనుషులు తననే చూస్తున్నారని కూడా చూశాడు. గొణుక్కుంటూ వచ్చి పెట్టెలు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టాడు.

ఎండలో బండి రెండు తలుపులూ ఇప్పుడు తెరిచి ఉన్నాయి. రొట్టెలాయన ఈసారి పక్క సీట్లో ఉన్నాడు. వంగని కాలు బారజాపుకుని, వీధి అటువైపు చూస్తున్నాడు. లోపలక్కని చూసి తల తిప్పుకోలేదు, నవ్వనూ లేదు. ఆవిడ నిన్నటికి క్షమాపణ అడగాలనుకుంది. ఏమని అడగాలో తెలియక, చేతిలో కర్ర ఉంది కదా, పని మాటే మాట్లాడింది. తమ్ముడు ఇన్నేళ్ళలో ఎప్పుడూ అడగని మాట.

"ముందు ఒకటి చెప్పండి. ఈ బండి నడిపేదెవరు?"

రొట్టెలావిడ నోరు తెరవబోయి మొగుడి వైపు చూసింది. వెల్డింగు పెద్దాయన తన షాపులో మంట ఆర్పి ఇటే చూస్తున్నాడు. తమ్ముడు ఆఖరి ప్లాస్టిక్ పెట్టె చేతిలో పట్టుకుని నిలబడిపోయాడు. రొట్టెలాయన వంగని మోకాలి మీద చెయ్యి వేసుకున్నాడు.

"మా ఆవిడ" అన్నాడు. "ఏడాదై నడుపుతోంది. మిగతా రెండూ డ్రైవర్లు నడుపుతారు, రేపు వాళ్ళనే పంపిస్తాను. మీరే కొలవండి."

రొట్టెలావిడ ఎక్కి సీటు ముందుకి జరుపుకుంది. లోపలక్క పక్కన మోకాళ్ళ మీద కూర్చుంటే రొట్టెలాయన కాలు జరపలేక ఒళ్ళు జరుపుకుని చోటిచ్చాడు. తమ్ముడు దగ్గరికొచ్చి, ఎవరికీ వినపడనట్టు, రెండింటికీ ఎన్ని రోజులు పడుతుందని అడిగాడు. ఆ తర్వాత బల్ల సంగతి చూద్దాం అని కూడా అన్నాడు. వాడి లెక్కలో బల్లకి రెండు బళ్ళ ఆయుష్షు.

"కొలతలు చూశాక చెప్తాను" అంది ఆవిడ. "నువ్వు కాస్త అటు జరుగు, నీడ పడుతోంది."

తమ్ముడు రెండడుగులు పక్కకి జరిగాడు. బిగుసుకుని కూర్చోవద్దు, రోజూ కూర్చునేటట్టే కూర్చోండి అని రొట్టెలావిడకి చెప్పింది లోపలక్క. ఆవిడ ఒక చెయ్యి స్టీరింగు మీద, ఒక చెయ్యి గేరు మీద వేసింది. లోపలక్క కర్ర నిలబెట్టి, ఆ మచ్చ ఉన్న మోచెయ్యి కింద గీత గీసింది. తన గీతకన్నా అది అర వేలు కిందికి వచ్చింది.